కొట్టే కొబ్బరికాయ, నిలబడే కొబ్బరికాయ

కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మన పల్లెల్లో పాతకాలపు లెక్క ఒకటి ఉండేది. నల్లగొండ, పాలమూరు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. మొదటి కుంచం పడగానే ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. రెండు, మూడు, నాలుగు మామూలే. ఆరు దాటాక మళ్లీ జాగ్రత్త. ‘ఏడు’ అనకుండా ‘ఆరున్నొక్కటి’ అని ఎనిమిదిలోకి పోతారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుంది. పంటకాలం పడిన కష్టమంతా రాశిగా పోసి ఉన్న చోట ఆ మాట చెవిన పడకూడదు.

అవే వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరితే లెక్క మారిపోతుంది. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడు చూపించడానికి మొహమాటం లేదు. తేమ 17 శాతం దాటిందని మీటరు చెబితే, లాభం అన్నా ఇంకేమన్నా బస్తా లారీ ఎక్కదు. మళ్లీ ఎండబోయాల్సిందే. చిత్రమేమిటంటే, రైతుకి ఈ రెండు లెక్కల మధ్య పేచీ కనిపించదు. నోటితో లాభం అంటాడు, చేత్తో వడ్లు తిరగేస్తాడు.

నమ్మకాలూ వృత్తీ ఒక ఒరలో ఇముడుతాయా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ‘ఇంత చదువుకుని ఇదేం పిచ్చి’ అనేవాళ్లు ఒకవైపు, ‘పెద్దలు ఊరికే చెప్పరు’ అనేవాళ్లు ఇంకోవైపు చేరతారు. ఆ కల్లం దగ్గర ఇద్దరి మాటా పనికిరాదు. అక్కడ చూడాల్సింది వేరే ఉంది. నమ్మకం పనికి పక్కన నిలబడిందా, లేక పని చేయాల్సిన మనిషిని లేపి ఆ కుర్చీలో కూర్చుందా?

మాటల దగ్గర పుట్టే నమ్మకాలు చాలావరకు పక్కన నిలబడేవే. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బయటికి వెళ్లేవాడిని ‘ఎక్కడికి’ అని అడగకూడదు, ‘ఎంత దూరం’ అనాలి. చైనా, జపాన్, కొరియా భాషల్లో నాలుగు అన్న మాట చావు అన్న మాటలా వినిపిస్తుంది. అందుకే అక్కడ చాలా భవనాల్లో లిఫ్టుకు నాలుగో నంబరు బటన్ ఉండదు. ఎనిమిది చైనావాళ్లకు సంపద. బీజింగ్ ఒలింపిక్స్‌ను 2008లో ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకు మొదలుపెట్టారు. మన దగ్గర అదే ఎనిమిదిని శని అంకె అని బండి నంబర్లో కూడా వద్దనేవాళ్లున్నారు. బ్రిటన్, అమెరికా ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ డాక్టర్లు ‘ఇవాళ ప్రశాంతంగా ఉంది’ అనడానికి భయపడతారు. అన్నారంటే ఆ రాత్రి అంబులెన్సులు వరస కడతాయట. ఇంగ్లండ్‌లో దీన్ని పనిగట్టుకుని పరీక్షించారు కూడా. ఆ మాట అన్న రోజుల్లో పని పెరగలేదు. పెరగకపోయినా అనేవాళ్లు ఎక్కువ అవలేదనుకోండి. దీనివల్ల రోగికి నష్టం లేదు, డాక్టరు చదువుకు అవమానమూ లేదు.

ఇలాంటివి ఏ పనిలో ఎక్కువ పేరుకుంటాయన్న ప్రశ్నకు వందేళ్ల కిందటే ఒక మంచి జవాబు దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి జాలరులను గమనించాడు. ఒడ్డు లోపలి మడుగులో చేపలు ఖాయంగా పడతాయి, ప్రమాదం లేదు. అక్కడ మంత్రం మాటే లేదు. నడిసముద్రానికి పోయేటప్పుడు మాత్రం మంత్రాలు, తంతులు, నియమాలు బోలెడు. మనుషులు వాళ్లే, దేవుళ్లు వాళ్లే, నీళ్లు మారాయి. తర్వాత జార్జ్ గ్మెల్చ్ అనే మరో మానవశాస్త్రవేత్త అమెరికా బేస్‌బాల్‌లో ఇదే చూశాడు. పది ప్రయత్నాల్లో మూడు సార్లు గెలిస్తే గొప్పనిపించుకునే బ్యాట్స్‌మెన్‌కు సవాలక్ష నియమాలున్నాయి. వందకు 97 సార్లు బంతిని పట్టేసే ఫీల్డర్లకు దాదాపు ఏమీ లేవు.

ఇదే కొలతను దక్షిణ తెలంగాణ పనుల మీద పెట్టి చూడొచ్చు. ట్రెజరీలో బిల్లులు చూసే గుమస్తాకు పెద్ద తంతు అక్కర్లేదు. కిరాణా దుకాణంలో కాస్త ఉంటుంది. పొద్దున బోణీ గిరాకీకి అప్పు ఇవ్వడు, బేరం తెగ్గొట్టి వెనక్కి పంపడు. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాడికి ఇంకా ఎక్కువ కావాలి. బంపర్‌కు నిమ్మకాయా మిరపకాయలూ, వెనక పాత చెప్పు, అద్దానికి నల్లదారం, జాన్‌పహాడ్ దర్గా నుంచో జహంగీర్ పీర్ దర్గా నుంచో తెచ్చిన దట్టీ. నడిపేవాడు హిందువైనా ముస్లిమైనా ఈ సామాన్లలో పెద్ద తేడా ఉండదు. దిష్టికి మతం లేదని ఊరికే అనలేదు. ఆ పాత చెప్పును చూసినప్పుడు పాలమూరు వైపు కురుమూర్తి జాతర గుర్తు రాకమానదు. అక్కడ స్వామివారి ఉద్దాలను, అంటే తోలు పాదుకలను, భక్తులు తలకు తాకించుకుంటారు. లారీకి చెప్పు దిష్టి తీసేది, జాతరలో తలమీద పెట్టుకునేది. వస్తువులో ఏమీ లేదు, అది ఏ పనిలో ఉందన్నదే లెక్క.

ఈ మెట్ల మీద పై మెట్టున రాకెట్లు ఎగరేసేవాళ్లు ఉండటం చాలామందికి మింగుడుపడదు. నిజానికి వాళ్లు ఉండాల్సిన చోటే ఉన్నారు. వేల భాగాల్లో ఒక్కటి తప్పినా ఏళ్ల శ్రమ నిమిషాల్లో బూడిద. అమెరికాలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబు చంద్రుడి కోసం పంపిన రేంజర్ నౌకలు వరసగా ఆరు విఫలమయ్యాక 1964లో ఏడోది గెలిచింది. ఆ రోజు కంట్రోల్ రూములో ఎవరో వేరుశెనగలు పంచారు. అప్పట్నుంచీ ఆ ల్యాబులో ముఖ్యమైన ప్రయోగం ఏదైనా పల్లీలు ఉండాల్సిందే. మన ఇస్రో పెద్దలు రాకెట్ నమూనాతో తిరుమల వెళ్తారు. పీఎస్‌ఎల్‌వీ వరసలో సీ12 తర్వాత వచ్చింది సీ14. తైవాన్‌లో ఇంజినీర్లు సర్వర్ల మీద, యంత్రాల మీద ఒక చిరుతిండి ప్యాకెట్ పెడతారు. దాని పేరుకు ‘బుద్ధిగా ఉండు’ అని అర్థం. రంగు ఆకుపచ్చే అయి ఉండాలి, గడువు తేదీ దాటకూడదు. దాటితే యంత్రం మొరాయిస్తుందట. దసరాకు మానిటర్‌కు బొట్టు పెట్టే మిర్యాలగూడ కుర్రాడికి ఇది వింతగా ఏమీ అనిపించదు.

ఈ ఇంజినీర్లెవరూ పల్లీలు తిన్నాం కదా అని ఇంధనం పరీక్ష మానేయలేదు. తిరుమల నుంచి వచ్చాక కౌంట్‌డౌన్‌లో ఒక్క అంశం కూడా దాటవేయరు. వాళ్ల విషయంలో గొడవ చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

మరి అది మనసుకైనా సాయపడుతుందా? జర్మనీలో 2010లో చేసిన ఒక ప్రయోగంలో ‘ఇది అదృష్టపు బంతి’ అని చెప్పి గోల్ఫ్ బంతి ఇస్తే ఆడేవాళ్లు మెరుగ్గా కొట్టారు. పత్రికలన్నీ మోసేశాయి. 2014లో ఎక్కువమందితో అదే మళ్లీ చేస్తే తేడా కనిపించలేదు. టెన్షన్ తగ్గుతుందన్నంత వరకు ఒప్పుకోవచ్చు. దాన్ని మించి ఇప్పటికి రుజువు గట్టిగా లేదు. నమ్మకం ఎలా పుడుతుందన్నది మాత్రం స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1948లోనే పావురాలతో చూపించాడు. అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని క్షణాలకోసారి గింజలు పడేలా పెట్టాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు సొంత తంతులు కనిపెట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగింది, ఇంకోటి మూలకు తల విసిరింది. గింజ పడినప్పుడు చేస్తున్న పనే గింజను తెచ్చిందని వాటికి అనిపించి ఉండాలి.

గింజ బదులు నీళ్లు పెడితే మన బోరుబావి కథ అవుతుంది. ఈ నేలలో నమ్మకానికీ వృత్తికీ అసలు పోటీ జరిగే చోటు ఇదే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, దాని జాతి గట్టి రాళ్లు. ఇసుక నేలలో లాగా నీరు అంతటా పరుచుకుని ఉండదు. పైన మెత్తబడిన రాతి పొరలో కొంత, ఆ కింద బండ పగుళ్లలో కొంత. పగులు తగిలితే రెండించుల నీళ్లు, పది గజాలు పక్కన వేస్తే దుమ్ము. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అయినా ‘ఇంకో వంద ఫీట్లు’ అన్న ఆశ మీద రిగ్గు తిరుగుతూనే ఉంటుంది. నల్లగొండ జిల్లా ముషంపల్లి పేరు పత్రికలకు ఎక్కింది ఈ బోర్ల వల్లే. ఒకటి ఎండితే ఇంకొకటి, అది పోతే మరొకటి, అప్పు మీద అప్పు. మాలినోవ్‌స్కీ చెప్పిన నడిసముద్రం ఇక్కడ నేల కింద ఉంది.

ఇలాంటి చోట పాయింటు చూపించేవాడికి గిరాకీ ఉండదా? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేను గట్టున నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. కొందరు వేపపుల్లతో చూస్తారు, కొందరు వంచిన ఇనుప కడ్డీలతో. ఫలానా బ్లడ్ గ్రూపు వాళ్లకే ఇది పడుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. పాత విద్యకు కొత్త చదువు అతికించడం అంటే ఇదే. ఈ పని మన దగ్గరే పుట్టిందేమీ కాదు. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల గ్రంథంలో జర్మన్ గనికార్మికులు పంగలపుల్లతో ఖనిజం వెతకడం గురించి ఉంది. 2017లో బ్రిటన్‌లో ఒక శాస్త్రవేత్త ఆరా తీస్తే, పన్నెండు నీటి సరఫరా కంపెనీల్లో పది తమ సిబ్బందిలో కొందరు ఇప్పటికీ కడ్డీలు వాడతారని ఒప్పుకున్నాయి. కొబ్బరికాయ దొరకని దేశం కాబట్టి కడ్డీ.

కాయ నిలబడటం అబద్ధం కాదు. చూపించేవాడు మోసగాడే అయి ఉండాలనీ లేదు. అరచేతిలో అడ్డంగా పెట్టిన కాయ ఏ క్షణంలోనైనా కదిలేలా ఉంటుంది. మణికట్టు వెంట్రుకవాసి వంగితే చాలు. ఆ వంపు తానే ఇచ్చానని మనిషికి తెలియదు. మనసులో ఉన్న ఊహకు కండరం తెలియకుండానే స్పందించడాన్ని కార్పెంటర్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1852లోనే వివరించాడు. నీళ్లు చూడటంలో అనుభవం ఉన్నవాడు పచ్చగా ఉన్న చెట్టును, వాలును, పక్క చేలో పడిన బోరును కళ్లతో చూస్తూనే ఉంటాడు. కాయను లేపేది ఆ చూపే కావొచ్చు. ఆ చూపును తీసేసి పరీక్షిస్తే ఏమవుతుందో 1987, 88ల్లో మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టంలో చూశారు. కింద నీళ్ల పైపును అటూ ఇటూ జరుపుతూ పై అంతస్తులో ఉన్నవాళ్లను చెప్పమన్నారు. కొందరికి శక్తి ఉందని చేసినవాళ్లు ప్రకటించారు. తర్వాత ఆ లెక్కలను తిరగేసిన జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అది గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగు కాదని తేల్చాడు.

నమ్మకం ఎందుకు చావదంటే, పడిన బోరు ఊరంతా తిరుగుతుంది, పడని బోరు మీద బండ పెట్టేస్తారు. నీళ్లు పడితే చూపించినవాడి చెయ్యి మంచిది. పడకపోతే రైతు నసీబు. ఇద్దరి మధ్య ఒప్పందమే అలా కుదిరి ఉంది. పోనీ భూగర్భ నిపుణుడు నూటికి నూరు చెబుతాడా అంటే అదీ లేదు. కరెంటు పంపి నేల ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ సర్వే మెత్తబడిన పొర మందం గురించి, తడి గురించి ఒక అంచనా ఇస్తుంది. పగులు ఎక్కడుందో వేలుపెట్టి చూపించదు. ఒక తేడా మాత్రం ఉంది. ఆయన ‘ఇక్కడ వద్దు’ అని కూడా అనగలడు. కొబ్బరికాయ ఎక్కడో ఒకచోట లేవకుండా చేను దాటి రాదు. అప్పుల్లో ఉన్న రైతుకు అన్నిటికంటే విలువైన సలహా ‘వేయొద్దు’ అన్నదే. ఆ సలహా ఇవ్వలేని విద్యతో కలిసి నడవడం కష్టం.

రైతును తప్పుపట్టడం కూడా తొందరపాటే. చాలామంది ఇద్దరినీ పిలిపిస్తారు. రిగ్గుకయ్యే ఖర్చు ముందు ఇద్దరి ఫీజూ చిల్లరే. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే ధైర్యం. పాయింటు పెట్టాక, బిట్టు దిగేముందు, గంగమ్మను తలుచుకుని కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఒకే పొలంలో, ఒకే పొద్దున, ఒకే జాతి కాయ రెండు పనులు చేసింది. రిగ్గు ముందు పగిలిన కాయ పనికి తోడు వచ్చింది. అరచేతిలో నిలబడిన కాయ పనినే తన చేతిలోకి తీసుకుంది. మొదటిదానితో ఏ ఇంజినీరుకూ పేచీ ఉండక్కర్లేదు. రెండోదానితో ఉండాలి.

రోడ్ల మీదా ఇదే విడదీత పనికొస్తుంది. ఒక మలుపులో మళ్లీ మళ్లీ బండ్లు బోల్తా పడితే ఊళ్లో దానికి దయ్యం పేరు వస్తుంది, కోడి కోస్తారు, నిమ్మకాయలు తిప్పుతారు. హైవే శాఖ లెక్కలో దాని పేరు బ్లాక్ స్పాట్. మూడేళ్లలో సుమారు 500 మీటర్ల ముక్కలో ప్రాణాలు పోయిన, లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా ఆ ముద్ర వేస్తారు. గమనించడంలో ఊరు శాఖకంటే వెనకేమీ లేదు, చాలాసార్లు ముందే కనిపెడుతుంది. కానీ దయ్యం అన్న పేరుతో అండర్‌పాస్ రాదు, లైటు రాదు. శాఖ ఆలస్యం చేసేకొద్దీ దయ్యానికి బలం పెరుగుతుంది.

కాలం గురించిన నమ్మకాలు వేరే రకం. అవి ఒక మనిషి నెత్తిన కాకుండా మొత్తం బజారు మీద పడతాయి.

అమావాస్య తీసుకోండి. మన దగ్గర చాలా చోట్ల తాపీ మేస్త్రీలు, కూలీలు ఆ రోజు పని పెట్టుకోరు. ప్రయాణాలు వాయిదా పడతాయి, దుకాణాల ముందు గుమ్మడికాయలు పగులుతాయి. అదే రాత్రి నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుడి సన్నిధిలో నిద్ర చేయడానికి జనం బారులు తీరతారు. ఇంటి దగ్గర కదలకూడని రోజు, గట్టు మీద కదలకుండా ఉండలేని రోజు. తమిళులకైతే అమావాస్య కొత్త పని మొదలుపెట్టడానికి మంచిరోజు. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి 1957 నుంచి దీపావళి నాడు, అంటే సాధారణంగా అమావాస్య పూటే, గంటసేపు ముహూర్తం ట్రేడింగ్ పెడుతోంది. చంద్రుడు అందరికీ ఒక్కడే అయినా ఫలితం రాష్ట్రం దాటితే మారిపోతోంది. మేస్త్రీల అమావాస్య వెనక ఇంకో లెక్క కూడా ఉందనిపిస్తుంది. ఆదివారం సెలవన్నది లేని కూలీకి నెలకో రోజు నడుం వాల్చే హక్కు ఏ చట్టమూ ఇవ్వకముందే పంచాంగం ఇచ్చింది. దాన్ని మూఢనమ్మకమని కొట్టేసే కాంట్రాక్టరు ముందు వారపు సెలవు ఇచ్చి మాట్లాడాలి.

మూఢం సంగతి అంత తేలిక కాదు. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి దగ్గరగా వచ్చి వెలుగులో కనపడకుండా పోయే కాలమే మౌఢ్యం. శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు నుంచి పోయేటప్పుడు దాదాపు రెండు నెలలు కనపడడు. ఇవతలి వైపు నుంచైతే కొద్ది రోజుల్లోనే బయటపడతాడు. అంటే ఆ మాట వెనక ఉన్న ఆకాశ పరిశీలన అసలైనదే, పాతవాళ్ల కళ్లకు దండం పెట్టొచ్చు. చుక్క కనపడకపోతే పెళ్లి ఎందుకు ఆగాలన్నదే తెగని ముడి. ఆగితే ఆగేది పెళ్లి ఒక్కటే కాదు. బ్యాండువాళ్లు, టెంటుహౌస్, వంట మేస్త్రీ, పూల దుకాణం, ఫంక్షన్ హాలు ఊడ్చే ఆమె, అందరి చేతులూ ఆగుతాయి. మూఢం విడిచాక నాలుగు ముహూర్తాల్లో నలభై పెళ్లిళ్లు. పంతులు ఒక మండపం నుంచి ఇంకో మండపానికి బండి మీద పరుగు. కాలం మీద నమ్మకంతో వచ్చే నష్టాన్ని భరించేది ఆ నమ్మకం ఉన్నవాళ్ల కంటే రోజుకూలీ మీద బతికేవాళ్లు. బట్టల షాపులవాళ్లు తెలివైనవాళ్లు. శుభకార్యం లేని ఆషాఢాన్ని డిస్కౌంట్ నెలగా మార్చి పండగ చేసుకున్నారు.

రాహుకాలం ఆఫీసుల్లోకీ వచ్చింది. పగటిని ఎనిమిది ముక్కలు చేసి అందులో ఒక ముక్కను రాహువుకు ఇచ్చే లెక్క ఇది. ఎన్నికల నామినేషన్లు చట్టప్రకారం 11 నుంచి 3 గంటల మధ్యే తీసుకుంటారు. బుధవారం 12 నుంచి ఒకటిన్నర, గురువారం ఒకటిన్నర నుంచి 3 రాహుకాలం. కాబట్టి గురువారమైతే అభ్యర్థుల ఊరేగింపులన్నీ మధ్యాహ్నం ఒకటిన్నర లోపే రిటర్నింగ్ అధికారి గది ముందు గుమిగూడతాయి. గోడ క్యాలెండర్‌లో ఈ వేళలు పొద్దు ఆరింటికే పొడుస్తుందనుకుని వేసినవి. మన దగ్గర సూర్యోదయం వేసవికీ చలికాలానికీ గంటకు పైగా జరుగుతుంది. రాహువు మాత్రం ఏడాది పొడవునా టైముకు వస్తాడు.

కట్టడాల గురించి ఒక్క మాట. వాస్తు బాగాలేదన్న మాట హైదరాబాద్ పాత సచివాలయం విషయంలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నోటే వినిపించింది. 2020లో దాన్ని కూల్చారు, కొత్తది 2023 ఏప్రిల్ 30న తెరిచారు. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది. వాస్తును నమ్మేవాళ్లు దీనికి ఏదో వివరణ చెప్పగలరు, నమ్మనివాళ్లకు అక్కర్లేదు. ప్రభుత్వ సొమ్ముతో పూజ చేయొచ్చా అన్నది వేరే ప్రశ్న. జపాన్‌లో సూ అనే పట్టణం వ్యాయామశాలకు భూమిపూజ చేస్తే కేసు పడింది. అది లోకాచారమే, మతం కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. మన గుజరాత్ హైకోర్టు 2011లో అలాంటి పిటిషన్‌నే కొట్టేసి, వేసినాయనకు జరిమానా కూడా వేసింది. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్న దేశంలో జరిమానా కాస్త ఎక్కువే అనిపిస్తుంది.

కొబ్బరికాయ, నిమ్మకాయ, రాహుకాలం ఇవన్నీ నమ్మేవాడి జేబుకే చిల్లు పెడితే చర్చ ఇక్కడితో అయిపోయేది. కొన్ని నమ్మకాల బిల్లు వేరేవాళ్లు కడతారు. వృత్తి ధర్మానికి నిజంగా అడ్డం వచ్చేవి అవే.

జపాన్‌లో అరవై ఏళ్లకోసారి వచ్చే అగ్ని గుర్రం సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల భర్తకు చేటు అన్న నమ్మకం ఉంది. 1965లో ఆ దేశంలో 18 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టారు. అగ్ని గుర్రం వచ్చిన 1966లో 13 లక్షల 60 వేలే. అది అప్పటికే రైళ్లు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడుపుతున్న దేశం. మన దగ్గర పుట్టుక ఆగలేదు, గడియారం మీదకు ఎక్కింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వందకు 60.7 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తానికి అది 21.5. దీనికి నొప్పుల భయం, ప్రైవేటు ఆస్పత్రుల ఆదాయం, డాక్టర్ల సౌకర్యం అన్నీ కారణాలే. ముహూర్తం కూడా వాటిలో ఒకటని డాక్టర్లూ ప్రభుత్వమూ బహిరంగంగానే చెబుతూ వచ్చారు. పంతులు రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చిన కుటుంబం ముందు డాక్టరు ఏం చేయాలి? ఆపరేషన్ ఎలాగూ అవసరమై, ఈ పూటా రేపు పొద్దునా రెండూ క్షేమమే అయితే వేళ ఎంచుకోవడంలో తప్పు లేదు. నెలలు నిండని బిడ్డను నక్షత్రం కోసం బయటికి తీయడం, కోత అవసరం లేని తల్లిని కోయడం వైద్యం కాదు. అక్కడ చీటీ డాక్టరు కుర్చీలో కూర్చుంది.

శకునాల బిల్లు ఎక్కువగా ఆడవాళ్ల పేరునే వస్తుంది. నిండు బిందె ఎదురొస్తే మంచిది, ఖాళీ బిందె వద్దు. ఈ సంగతి రష్యావాళ్లకూ తెలుసు. ఖాళీ బకెట్‌తో ఆడమనిషి ఎదురైతే అక్కడా వెనక్కి తిరుగుతారు. భర్త పోయిన ఆమె ఎదురొస్తే పని చెడుతుందనే మాట మన దగ్గర ఇంకా పోలేదు. కానీ భర్త చనిపోయాక కారుణ్య నియామకంలో కండక్టరైన ఆమెను ఊహించుకోండి. తెల్లవారుజామున మొదటి బస్సు మెట్టు ఎక్కినవాళ్లందరికీ మొదట ఎదురయ్యేది ఆమే. ఆస్పత్రికి పోయేవాళ్లు, ఇంటర్వ్యూకు పోయేవాళ్లు, కోర్టు వాయిదాకు పోయేవాళ్లు ఆమె చేతి నుంచే టికెట్ తీసుకుంటారు. బస్సు ఆగదు, శకునం గుర్తు రాదు. సాయంత్రం అదే ప్రయాణికుల్లో ఎవరింటి పెళ్లిలోనో ఆమెను పీటల దగ్గరికి రానివ్వకపోవచ్చు. ఆ ఇంట్లోవాళ్లకు పొద్దుటి టికెట్ గుర్తుండదు.

బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపడం మరీ పాత కథేమీ కాదు. దేశంలో హత్యల కారణాల పట్టికలో జాతీయ నేర గణాంకాల సంస్థ దీనికి ఇప్పటికీ విడిగా ఒక వరస ఉంచింది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. చట్టం కంటే ముందు ఒక చిన్న ప్రశ్న ఉంది. ‘నా బిడ్డకు ఫలానావాడు చేతబడి చేసిండు’ అని స్టేషన్‌కు వచ్చిన తండ్రి మాటను రాసుకునే కానిస్టేబుల్ తానూ లోలోపల నమ్మితే? ఇంట్లో ఆయన తాయెత్తు కట్టుకోవచ్చు. స్టేషన్‌లో ఆయన చూడాల్సింది వచ్చిన తండ్రినే కాదు, పేరు బయటికి వచ్చిన ఆ ఫలానావాడికి ఈ రాత్రి కాపలా ఎవరన్నది కూడా. అదే ప్రశ్న ఊళ్లో ఆర్‌ఎంపీకీ, ఏఎన్‌ఎంకూ, బడి పంతులుకూ వర్తిస్తుంది. పిల్లకు ఫిట్స్ వస్తే మొదటి ఫోను ఎవరికి చేయించారన్నదే వాళ్ల వృత్తికి పరీక్ష.

నల్లగొండ జిల్లాలో తాటివనాలకు కొదవలేదు. నడిసముద్రానికి పోయే పనులన్నిటిలోకీ గీత పని ముందుంటుంది. మోకు జారితే, మట్ట విరిగితే కింద పట్టుకునేవాడు లేడు. గీత కార్మికుల దేవుడు కాటమయ్య. చెట్టెక్కే ముందు తలుచుకోనివాడు అరుదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం తాళ్లు, బెల్టులు, కొక్కేలతో ఒక రక్షణ కిట్టు పంపిణీ మొదలుపెట్టింది. దానికి పెట్టిన పేరు కాటమయ్య రక్షణ కవచం. పర్వతారోహకులు వాడే సామానుకు తాటిచెట్టు దేవుడి పేరు. పేరు పెట్టినవాళ్లకు ఈ మనుషుల సంగతి తెలుసు. ఆ కిట్టు ఇంట్లో వంకీకి వేలాడుతూ కనిపిస్తే నమ్మకాన్ని తిట్టడం తేలికే. నిజానికి దేవుణ్ణి తలుచుకోవడానికి పట్టేది ఒక్క క్షణం. చెట్టు చెట్టుకూ బెల్టు బిగించి, విప్పి, మళ్లీ బిగించాలంటే పొద్దెక్కుతుంది, కల్లు పులుస్తుంది, గిరాకీ ఎదురుచూస్తుంది.